ఎనిమిది నుంచి పన్నెండు దాకా

పాపకు ఆరో వారం నడుస్తుండగా ఒక రాత్రి నేను చాలాసేపు దిండును జోకొట్టాను. పాప అప్పటికే పక్క గదిలో వాళ్ళ నాన్న భుజం మీద ఉంది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, కాసేపు చూసి, "ఎవరిని పడుకోబెడుతున్నావు?" అని అడిగారు. నాకు నవ్వు రాలేదు. దిండు కదలకుండా ఉండేసరికి, అమ్మయ్య, ఇవాళ త్వరగా పడుకుందని అప్పటిదాకా సంతోషిస్తున్నాను మరి.

నిద్ర చాలకపోతే ఒళ్ళు అలసిపోతుందని తెలుసు గానీ మతి కూడా పోతుందని తెలియదు. ఏకధాటిగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని తర్వాత ఎక్కడో చదివాను. చాలా దేశాల్లో ఆ మోతాదు మించితే బండి నడపనివ్వరు. నేను అదే తల పెట్టుకుని పసిబిడ్డకు స్నానం చేయిస్తున్నాను.

పుట్టిన పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారట. కాన్పుకు ముందు ఈ లెక్క చదివి, ఇక బోలెడు తీరిక దొరుకుతుందనుకున్నాను. మా పాప ఆ గంటలన్నిటినీ తునకలు చేసి ఇచ్చింది. ఒక 40 నిమిషాలు, ఇంకో 25, ఆ తర్వాత ఒళ్ళో ఉంటేనే ఒక గంట. పక్క మీద పడుకోబెట్టడం పెద్ద తతంగం. వంగి ముందు కాళ్ళు ఆనించాలి, తర్వాత నడుము, చివరగా తల. మెడ కింద ఇరుక్కున్న నా చేతిని ఒక్కొక్క వేలే లాక్కోవాలి. నాలుగు వేళ్ళు బయటపడేవి. చిటికెనవేలు కదిలిందో లేదో, కళ్ళు విప్పేది. వెంటనే ఏడ్చేది కాదు. 'ఎక్కడికి బయలుదేరావు?' అన్నట్టు ఒక చూపు చూసి, ఆ తర్వాత గుక్క పట్టేది.

నేను చేసిన మొదటి పొరపాటు నోటుపుస్తకం. పుట్టిన కొత్తలో బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగాలి, రోజుకు కనీసం ఆరు డైపర్లు తడవాలి కాబట్టి రాసిపెట్టుకోమన్నారు. అంతవరకు మంచిదే. బరువు కుదిరాక ఆపేయాల్సింది. నేను ఆపకుండా, పాప ఎన్నింటికి లేచింది, ఎడమవైపు తాగిందా కుడివైపా, ఎన్ని నిమిషాలు అని గీకుతూనే ఉన్నాను. తెల్లారాక కూడితే రాత్రి ఏడుసార్లు లేచిందని తేలేది. అప్పటిదాకా ఎలాగో తిరుగుతున్నదాన్ని, ఆ అంకె చూడగానే కూలబడేదాన్ని.

"పాలు చాలడం లేదేమోనమ్మా, ఒకసారి డబ్బాపాలు పట్టి చూడు" అనేవారు అత్తయ్య. పాప వారానికి 180 గ్రాముల చొప్పున పెరుగుతోంది, అంటే పాలకు లోటు లేదు. తల్లిపాలు డబ్బాపాలకంటే త్వరగా అరుగుతాయి, కడుపేమో చిన్నది. రాత్రీ పగలూ తేడా బిడ్డ ఒంటికి తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుంది. పైగా పాలను ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి రాత్రి తాగే పాలే మర్నాటికి పాలను నిలబెడతాయి. ఇదంతా ఆవిడకు రెండుసార్లు వివరించి, మూడోసారి ఊరుకున్నాను. ఎందుకంటే ఆ సలహా ఇస్తూనే ఆవిడ పాపను గంటసేపు ఎత్తుకునేవారు. సలహా వదిలేసి గంట మాత్రం తీసుకున్నాను.

అందరూ చెప్పే ఇంకో మాట, "పాప పడుకున్నప్పుడే నువ్వూ పడుకో." స్విచ్చి వేస్తే దీపం వెలిగినట్టు నిద్ర వస్తుందని వీళ్ళు ఎలా అనుకుంటారో! పాప కళ్ళు మూయగానే నేను చెవులు రిక్కించుకుని ఏ క్షణాన లేస్తుందో అని ఎదురుచూసేదాన్ని. కోడికునుకు పట్టేసరికి ఆ క్షణం వచ్చేది.

ఏడో వారంలో సోఫా సంగతి జరిగింది. మంచం మీద పాలిస్తే నిద్ర ముంచుకొస్తోందని, కూర్చుంటే మెలకువగా ఉంటానని, రాత్రిళ్ళు సోఫాలోకి మారాను. తెల్లవారుజామున నాలుగింటికి ఉలిక్కిపడి లేచేసరికి ఒళ్ళో పాప లేదు. నా మోచేతికీ సోఫా దిండుకూ మధ్యకు జారిపోయి, ముఖం దిండు వైపు తిరిగి ఉంది. లాగి ఎత్తుకున్నాను. తుమ్మింది. ఆ తుమ్ము ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. బిడ్డతో నిద్రపోకూడని చోట్లలో సోఫా మొదటిదని, ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం మంచం మీదకంటే అక్కడే చాలా ఎక్కువని చెప్పి, "నిద్ర ఆపుకోగలను అనుకోకండి. పట్టేస్తుందనే అనుకుని ఏర్పాటు చేసుకోండి" అన్నారు. ఆ రోజే నేల మీద గట్టి పరుపు వేశాం. పాప దరిదాపుల్లో దిండూ దుప్పటీ లేకుండా చూసి, పక్కకు ఒత్తిగిలి పాలివ్వడం నేర్చుకున్నాను. తాగాక పాపను తన పడకలో వెల్లకిలా పడుకోబెట్టాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే, తల్లిదండ్రులకు పొగ, మద్యం, నిద్రమాత్రల వంటివి ఉంటే, ఇలా పక్కలో వేసుకోవడం అసలు వద్దన్నారు.

రక్తపరీక్ష కూడా చేయించారు. హిమోగ్లోబిన్ 9.4 ఉంది, థైరాయిడ్ బాగానే ఉంది. నిద్రలేమి అని నేను పేరు పెట్టుకున్నదాంట్లో కొంత రక్తహీనతే. బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టడం లేదా, ఏడుపు వస్తోందా, మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడిగారు. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు అలా కూడా మొదలవుతుందట. నాది ఆందోళన దగ్గరే ఆగిందని తేల్చి, రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

అసలు మార్పు అక్కడి నుంచి. మొత్తం ఎన్ని గంటలు పడుకున్నానన్నది కాదు, తెగకుండా ఎంతసేపు పడుకున్నానన్నది చూడమన్నారు. పెద్దవాళ్ళ నిద్రలో ఒక్కో విడత దాదాపు 90 నిమిషాలు. గంటకోసారి లేచేదానికి ఒక్క విడతైనా పూర్తి కాదు. గాఢనిద్రలో ఎక్కువ భాగం పడుకున్న తొలి గంటల్లోనే వస్తుంది. అందుకని రాత్రి ఎనిమిదింటికి పాపకు పాలిచ్చి, నేను వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. పన్నెండు దాకా పాప వాళ్ళ నాన్నది. పగలు పిండి తీసి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు ఆయన పడతారు. పన్నెండు తర్వాత ఎన్నిసార్లు లేచినా నాదే.

మొదటి రెండు రాత్రులూ పాప సీసా నోట్లోకి రానివ్వలేదు. గోడకు అవతల ఏడుపు, ఇవతల నా జాకెట్టు తడిసిపోవడం. రెండో రాత్రి ఉండబట్టలేక లేచి వెళ్ళాను. ఆయన తల అడ్డంగా ఊపి తలుపు వైపు చూపించారు. కోపం వచ్చింది, వచ్చి పడుకున్నాను. మూడో రాత్రి చెంచాతో తాగిందట. ఆయనకు ఒక్క జోలపాటా రాదు. పాపను భుజాన వేసుకుని నడుస్తూ ఎక్కాలు చదివేవారు. పదమూడో ఎక్కం సగంలో పడుకునేదని గర్వంగా చెప్పారు. నేను మాత్రం అది వినలేదు, ఆ రాత్రి నాలుగు గంటలు ఒళ్ళెరగకుండా పడుకున్నాను. లేచాక నోటుపుస్తకం సొరుగులో పడేశాను.

కాఫీ పొద్దున్న ఒక కప్పుకే ఉంచుకున్నాను. నెలల పసికందు ఒంట్లోంచి కెఫీన్ పోవడానికి రోజులు పడుతుంది, నేను నిలబడడానికి తాగింది తనను నిలబెడితే ఎలా? నాలుగో నెలలో పాప మళ్ళీ గంటకోసారి లేవడం మొదలుపెట్టింది. ఆ వయసులో నిద్ర తీరే మారుతుందట. మూడు వారాలు గట్టిగానే నలిగాం గానీ దిండును జోకొట్టే దాకా పోలేదు.

ఇప్పుడు పదకొండో నెల. రాత్రి ఇంకా రెండుసార్లు లేస్తుంది. ఎనిమిదికి నేను పడుకోవడం మానలేదు. పాపకు మాత్రం ఎక్కాలు అలవాటైపోయాయి, పంతొమ్మిదో ఎక్కం అయిపోయినా కళ్ళు మూయడం లేదట. నిన్న ఆయన సొరుగులోంచి నా నోటుపుస్తకం తీసి, ఖాళీ పేజీల్లో ఇరవయ్యొకటో ఎక్కం రాసుకుంటున్నారు.