చెరువుకి వేసే మందే నాకూ రాశారు

మా ఇంట్లో ప్రోబయోటిక్ అంటే రొయ్యల చెరువు మందు. చెరువు అడుగు పాడవకుండా మేలు చేసే బాక్టీరియా ఉన్న ఆ పొడిని తౌడు, బెల్లం నీళ్లలో కలిపి రాత్రంతా డ్రమ్ములో నాననిచ్చి పొద్దున్నే చెరువులో చల్లుతాం. భీమవరంలో డాక్టరుగారు నాకూ ప్రోబయోటిక్ రాశారంటే మా బాబాయి, "అయితే నీకూ అడుగు పాడయిందన్నమాట రా" అన్నాడు.

నాది అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర పుండుపడటం. మొలలేమో అనుకుని నాటుమందులతో ఏడాది పోగొట్టుకున్నాను. రోజుకి ఏడెనిమిదిసార్లు నెత్తురూ జిగటా. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలంటే టెన్షన్, నరసాపురం ఒడ్డు వచ్చేదాకా గోదాట్లో ఎక్కడికి పరిగెడతాం? కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అయ్యాక పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, కొన్నాళ్లు స్టెరాయిడ్. సగం తగ్గింది. మిగతా సగం కోసం మాత్రలతో పాటే 12 వారాలు ఈ సాచెట్లు, ఒక్కోదాంట్లో 8 రకాల బాక్టీరియా.

ఇవి ఫ్రిజ్‌లోనే ఉండాలి. మాకేమో కాస్త గాలేస్తే కరెంటు పోతుంది, అప్పుడు థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టేవాళ్లం. మా ఆవిడ డబ్బా మీద మార్కర్‌తో 'ఇది మనిషిది' అని రాసింది. చల్లటి మజ్జిగలో కలుపుకుని తాగాలి, వేడివాటిలో కలిపితే బాక్టీరియా చచ్చిపోతుంది. మొదటి వారం గ్యాసుతో పొట్ట డప్పులా ఉబ్బింది, మానేద్దామనుకున్నాను. ఆరో వారానికి రెండుమూడుసార్లకి దిగింది, నెత్తురు ఆగింది.

అక్కడే తెలివి ఎక్కువైంది. సాచెట్లు పనిచేస్తుంటే మాత్రలెందుకని నా అంతట నేనే మెసలమైన్ మానేశాను. మూడు వారాలు తిరక్కుండా మళ్లీ నెత్తురు. డాక్టరుగారు గట్టిగానే చీవాట్లు పెట్టి, తర్వాత నెమ్మదిగా చెప్పారు. 1917లో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ డాక్టరు, తోటివాళ్లంతా విరేచనాలతో పడిపోయినా తనకేమీ కాని ఒక సైనికుడి మలం నుంచి ఒక రకం బాక్టీరియా తీశాడట, తగ్గిన కొలైటిస్ తిరగబెట్టకుండా చూడటంలో అది మెసలమైన్‌కి దీటుగా నిలిచిందట. అలాగని షాపులో దొరికే ప్రతి పొడీ అది కాదు, పేగులకే వచ్చే ఇంకో వాపు జబ్బు క్రోన్స్‌కైతే ఇవి పనిచేస్తాయనడానికి సరైన రుజువే లేదు అన్నారు. మరి పెరుగు చాలదా అనడిగితే, అది అన్నంలోకి బావుంటుందయ్యా అన్నారు.

ఇప్పుడు మాత్రలు మానడం లేదు, పేగులో వాపు ఉందేమో మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిస్తూనే ఉన్నాను. మొన్న పంటు గోదారి మధ్యలో అరగంట ఆగిపోతే గట్టు మీది కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను. బాబాయి మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడు, బెల్లం కలిపావా లేదా అని.