కుక్కకి ఫుడ్ మారుస్తున్నారా? మోషన్ చూస్తూ మార్చండి

కొత్త ఫుడ్ బ్యాగ్ వెనక ఒక పట్టిక ఉంటుంది, చూసే ఉంటారు. మొదటి రెండు మూడు రోజులు పాతది ముప్పావు వంతు, కొత్తది పావు వంతు. ఆ తర్వాత సగం సగం. తర్వాత కొత్తది ముప్పావు. మొత్తం మీద వారం పది రోజులకల్లా గిన్నెలో అంతా కొత్తదే. పట్టిక మంచిదే, నేనూ దాంతోనే మొదలుపెడతాను. కాకపోతే మా సోనూ కడుపు మొదటినుంచీ సున్నితం. అందుకని వాడి విషయంలో తేదీలు పట్టించుకోను, పొద్దున వాకింగ్‌లో వాడు వెళ్లింది చూసి ఆ రోజు కొత్తది ఎంత కలపాలో తేల్చుకుంటాను. రెండు వారాలు పట్టినా, ఇంకా ఎక్కువ పట్టినా నష్టమేమీ లేదు.

ఇంత నిదానం ఎందుకంటే, నెలల తరబడి ఒకటే తిన్న కుక్క పేగుల్లో ఆ తిండికి తగ్గ బ్యాక్టీరియా కుదురుకుని ఉంటుంది. ఒక్కసారిగా ప్రొటీన్ మారినా, కొవ్వు పెరిగినా, పీచు ఎక్కువైనా వాటికి సర్దుకునే టైమ్ దొరకదు. అరగకుండా మిగిలిపోయింది పెద్దపేగులోకి దిగి పులుస్తుంది, గ్యాస్ పుడుతుంది, నీళ్లను లాగుతుంది, మోషన్ పల్చబడుతుంది. మనం రోజుకో కూర తింటాం కాబట్టి ఇది అర్థం కాదు, "ఒక్కపూట తేడాకే ఇంత గొడవా" అనిపిస్తుంది.

బ్యాగ్ మార్చేముందు రెండిటి లేబుల్స్ పక్కపక్కన పెట్టి చదవండి, ముఖ్యంగా కొవ్వు శాతం, కిలోకి ఎన్ని కేలరీలు అన్నది. కొవ్వు బాగా పెరిగితే మార్పు ఇంకా నెమ్మదిగా ఉండాలి, ఇదివరకు పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిన కుక్క అయితే వెట్‌ని అడగకుండా మార్చనే కూడదు. కేలరీల సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. కొత్తదాంట్లో కేలరీలు ఎక్కువుంటే అదే కప్పుతో అంతే కొలిచి పోసినా కుక్క ఎక్కువ తిన్నట్టే, ఎక్కువ తింటే మోషన్ లూజ్ అవుతుంది, మనమేమో "ఈ ఫుడ్ పడలేదు" అని ఇంకో బ్యాగ్ కొంటాం. కప్పు పక్కన పెట్టి గ్రాముల్లో తూచడం మేలు.

ఇంకో తమాషా ఉంది. సోనూ గిన్నెలో మూతి పెట్టి పాత గింజలు ఏరుకుని తింటాడు, కొత్తవి ఒక్కొక్కటే నోట్లోంచి మ్యాట్ మీదకి జార్చేస్తాడు, తడి తడిగా వరుసగా పడి ఉంటాయి. అంటే మనం కష్టపడి కొలిచి కలిపిన పాళ్లు వేరు, వాడి కడుపులోకి వెళ్లినవి వేరు! తిరగేసి కొత్తవే ఏరుకు తినే కుక్కలూ ఉంటాయి, అప్పుడు పావు వంతు అనుకున్నది ఎంతవుతుందో చెప్పలేం. గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపు నానబెట్టి బాగా కలిపేస్తే ఏరుడు కార్యక్రమం చాలావరకు ఆగుతుంది.

మోషన్ ఎలా చూడాలంటే, వెట్‌లు వాడే 1 నుంచి 7 వరకు ఒక స్కోరు ఉంది. 1 అంటే గట్టి ఉండలు, 7 అంటే ఉత్త నీళ్లు. 2, 3 బాగున్నట్టు: ఆకారం ఉంటుంది, తీస్తే నేలకి పెద్దగా అంటదు. ఆకారం ఉన్నా తీసేటప్పుడు జావగా అంటుకుంటుంటే పాళ్లు అక్కడే ఆపేస్తాను. కుప్పలా పడితే ఒక మెట్టు వెనక్కి. ఈ రోజుల్లో కొత్త ట్రీట్స్, కొత్త చ్యూలు ఏవీ ఇంట్లోకి రానివ్వను. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల పాడైందో ఎవరు చెప్పగలరు?

ఒకవేళ లూజ్ మోషన్స్ మొదలై, కుక్క మాత్రం హుషారుగానే ఉంటే, కొత్తది ఆపి రెండు మూడు రోజులు చర్మం, ఎముకలు లేని ఉడికించిన చికెన్, మెత్తటి తెల్లన్నం పెడతాను. ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకూడదు. రోజూ పెట్టే రెండు పూటల బదులు నాలుగైదు చిన్న చిన్న పూటలు. అన్నిటికన్నా ముందు నీళ్లు అందుబాటులో ఉండాలి. కడుపు మాడిస్తే అదే కుదురుకుంటుందనే పాత సలహా ఇప్పటికీ వినిపిస్తుంది, కుక్కపిల్లల విషయంలో అది ప్రమాదం, చిన్నజాతి పప్పీలకి తిండి లేకపోతే షుగర్ పడిపోతుంది. మన ఇంట్లో ఉన్న, విరేచనాలు ఆపే మాత్ర వేయడం అసలు వద్దు. అలాంటి మాత్రల్లో ఉండే లోపెరమైడ్ అనే మందు కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఒక జన్యు లోపం ఉన్నవాటికి నేరుగా మెదడుకి ఎక్కుతుంది. ప్రోబయోటిక్ (పేగులకి మంచి చేసే బ్యాక్టీరియా) ఇవ్వాలంటే కుక్కల కోసం తయారైనదే వెట్ చెప్పిన మోతాదులో ఇవ్వండి.

అన్నీ ఇంట్లో తేలే వ్యవహారాలు కావు. మాటిమాటికీ వాంతులు, నల్లగా తారులా మోషన్, ఎర్రగా రక్తం, నీరసంగా మూల పడుకోవడం, నీళ్లు కూడా ముట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా "రేపు చూద్దాంలే" అనకండి. టీకాలు పూర్తికాని పప్పీకి విరేచనాలు అయితే ఫుడ్ మార్పు మీదకి నెట్టేయొద్దు, అది పార్వో (ప్రాణం మీదకి తెచ్చే వైరస్ జబ్బు) కూడా కావచ్చు, వెంటనే వెళ్లాలి. ఒంట్లో నీరు తగ్గిందేమో అనుమానం వస్తే పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లు జిగటగా, పొడిగా తగిలినా, రంగు రావడం ఆలస్యమైనా బయలుదేరడమే. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి నొక్కి చూసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది, కొన్నిటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల రంగు చూసుకోవాలి. పెద్ద కుక్క హుషారుగా ఉన్నా రెండు రోజులు దాటి తగ్గకపోతే తాజా మోషన్ శాంపిల్ మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లండి. నులిపురుగులో, జియార్డియా అనే కంటికి కనిపించని పేగు పరాన్నజీవో ఉండి, సరిగ్గా మనం ఫుడ్ మార్చిన వారంలోనే బయటపడే సందర్భాలు కూడా ఉంటాయి.

మోషన్ గట్టిపడ్డాక నేరుగా ఆగిన చోటికి దూకను. అన్నం-చికెన్ తగ్గిస్తూ పాత ఫుడ్ మీదకి తెచ్చి, అక్కడ కుదురుగా ఉంటే అప్పుడు కొత్తది చిటికెడంత నుంచి మళ్లీ. అందుకే కొత్త బ్యాగ్ తెచ్చినప్పుడు పాతది అడుగంటకుండా చూసుకోవాలి. రెండోసారి కూడా సగం సగం దగ్గరికి వచ్చేసరికి అదే గొడవ అయితే నేనిక ఆ బ్యాగ్‌తో పంతం పట్టను, దాని పదార్థాల జాబితా ఫొటో తీసుకుని వెట్‌కి చూపిస్తాను, మిగిలింది పడే కుక్క ఎవరింట్లో ఉంటే వాళ్లకి ఇచ్చేస్తాను.