ఖాళీ జాబితా
నిన్న మా చెల్లి ల్యాప్‌టాప్‌లో పాతదంతా చెరిపేసి విండోస్ 11 మళ్లీ ఎక్కించాం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయింది, భాష అడిగింది. తీరా ఏ డిస్క్‌లో వేయాలో ఎంచుకునే చోట జాబితా ఖాళీ! ల్యాప్‌టాప్‌లోని డిస్క్, అదే ఎస్‌ఎస్‌డీ, పోయిందేమోనని చెల్లి ముఖం వాడిపోయింది. ప్రాజెక్టు ఫైళ్లన్నీ ముందే వేరే హార్డ్‌డిస్క్‌లోకి తీసిపెట్టాం కాబట్టి నాకంత టెన్షన్ లేదు.

బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగ్‌ల తెర) వెళ్లి చూస్తే ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు చక్కగా ఉన్నాయి. అంటే డిస్క్ బతికే ఉంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌లను చూసుకునే వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ (దాన్ని విండోస్ గుర్తించడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లో లేకపోతే వెనకున్న డిస్క్ కనపడదు. ఇంకో కంప్యూటర్లో వీఎండీకి కావలసిన ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించి, ఫోల్డర్‌గా విప్పి అదే పెన్‌డ్రైవ్‌లో వేశాను. దించిన ఈఎక్స్‌ఈ ఫైలు (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) అలాగే పెడితే పనికిరాదు, ఇన్‌స్టాలర్ చదివే లోపలి ఐఎన్‌ఎఫ్ ఫైలు కావాలి. 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించగానే డిస్క్‌లోని పార్టిషన్లన్నీ (భాగాలు) వరసగా వచ్చేశాయి. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది!

బయోస్‌లో వీఎండీని ఆపేసినా డిస్క్ కనిపిస్తుంది. కానీ పాత విండోస్‌ను ఉంచుకోవాలనుకునేవాళ్లు ఆ పని చేయకండి, అది బూట్ కాకుండా పోవచ్చు.