కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా?

కనీస వేతనం పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా ఒక అభ్యంతరం తప్పక వినిపిస్తుంది: శ్రమ ఖరీదు పెరిగితే యజమానులు తక్కువ మందిని పెట్టుకుంటారు, కాబట్టి ఎవరి మేలు కోరి చట్టం చేశామో వారే ముందుగా పని కోల్పోతారు. గిరాకీ, సరఫరాల పాఠం చదివిన వారికి ఇది తిరుగులేని వాదనగానే తోస్తుంది.

అయితే 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు, డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను, వేతనం మారని పొరుగు రాష్ట్రం పెన్సిల్వేనియాలోని రెస్టారెంట్లతో పోల్చి, ఉద్యోగాలు తగ్గిన దాఖలా లేదని 1994లో ప్రకటించారు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు జీతాల రికార్డుల ఆధారంగా దీనితో విభేదించారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చినా ఆ తగవు తీరలేదు; బహుమతులతో తీరే తగవూ కాదు.

వేతనం పెరిగినా ఉద్యోగాలు ఎందుకు తగ్గకపోవచ్చన్నదానికి నాకు బలంగా కనిపించే వివరణ యజమాని బేరశక్తికి సంబంధించినది. పని ఇచ్చేవారు కొద్దిమందే ఉన్నచోట, మానేసి మరొకచోట చేరడం కష్టమైనచోట, కార్మికుడు సృష్టించే విలువ కంటే వేతనం తక్కువగానే ఉంటుంది. అక్కడ చట్టం ఆ తేడాను కొంత పూడ్చినంత మాత్రాన ఉద్యోగం పోనక్కరలేదు. కానీ ఆ తేడాకు ఒక హద్దు ఉంది. అది దాటాక పని గంటలు తగ్గవచ్చు, కొత్త నియామకాలు ఆగవచ్చు. అందుకే పెంచాలా వద్దా అన్నదాని కంటే, ఆ ప్రాంతపు మధ్యస్థ వేతనంలో (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే వేతనంలో) ఎంత శాతం వరకు పెంచవచ్చన్నదే అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.