లీగ్‌లో స్పీడు ఎంతుంటే చాలు?

"అయిదు రోజులు క్రికెట్ చూసేవాళ్లకి ఈ ఆట స్పీడు అందుతుందా?" పని చోట సోమవారం పొద్దున టీ రూములో ఓ సీనియర్ విసిరిన మాట. పశ్చిమ సిడ్నీలో ప్యారమాటా, పెన్రిత్ వైపు పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఇది కొత్తేం కాదు. అక్కడ సోమవారం కబుర్లన్నీ రగ్బీ లీగ్ చుట్టూనే. నవ్వేసి కప్పు కడుక్కుని వచ్చేయొచ్చు. కానీ స్పీడు పెరిగేకొద్దీ మజా పెరుగుతుందనే నమ్మకాన్ని వాళ్ల ఆటే ఒప్పుకోదు.

జట్టుకి 13 మంది, బంతి పట్టుకున్నవాడిని ఎదుటివాళ్లు పట్టి ఆపడం, అంటే ట్యాకిల్, వరసగా ఆరుసార్లయ్యేదాకా బంతి ఆ జట్టుదే. పట్టుబడ్డవాడు లేచి, బంతిని నేలమీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తే వెనకాల నిలబడ్డ తన జట్టువాడు, డమ్మీ హాఫ్, అందుకుంటాడు. ఎదుటివాళ్లలో బంతికి ఎదురుగా నిలబడే ఇద్దరు మార్కర్లు తప్ప మిగతా అందరూ 10 మీటర్లు వెనక్కి పోవాలి. చెడుగుడు ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు, పట్టుకోవడం కన్నా పట్టి ఎంతసేపు ఆపామన్నదే అసలు సంగతి. సుమారు మూడు సెకన్లలో బంతి దొర్లిందంటే డిఫెండర్లు ఇంకా వెనక్కి పరిగెడుతూనే ఉంటారు, డమ్మీ హాఫ్ రక్ (ట్యాకిల్ జరిగి బంతి దొర్లించే చోటు) పక్క సందులోంచి దూరిపోతాడు. డిఫెండర్లకి ఇంకో సెకను దొరికితే అడ్డంగా లైను కట్టేస్తారు. అందుకే ముగ్గురేసి మీద పడి, వెల్లకిలా తిప్పి, లేవడానికి తాత్సారం చేస్తారు. మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు 2000ల్లో కుస్తీ కోచ్‌ని పెట్టుకుని మరీ ఈ విద్య నేర్చింది. అది మితిమీరితే చూసేవాడికి నిద్రే. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

దానికి మందుగా ఎన్ఆర్ఎల్ (అక్కడి పెద్ద రగ్బీ లీగ్ పోటీ) 2020 మేలో 'సిక్స్ అగైన్' తెచ్చింది. రక్‌లో ఆలస్యం చేస్తే పెనాల్టీ బదులు ఆరు ట్యాకిల్స్ మళ్లీ మొదలు. పెనాల్టీ అయితే బంతిని టచ్‌కి (పక్క గీత బయటికి) కొట్టేలోగా ఊపిరి పీల్చుకోవచ్చు, ఇందులో అదీ లేదు. 2021లో 10 మీటర్ల తప్పుకీ ఇదే వర్తింపజేశారు. మీద పడి ఢీకొట్టే 110 కిలోల ఫార్వర్డ్‌లు, మ్యాచ్‌లో ఆటగాళ్ల మార్పులు ఎనిమిదే. పైగా ట్రై (గోల్ గీత అవతల బంతిని నేలకి తాకించి చేసే స్కోరు) ఇచ్చుకున్న జట్టే కిక్ ఆఫ్ కొట్టాలి, అంటే బంతి మళ్లీ స్కోరు చేసినవాళ్ల చేతికే. ఒకసారి అలసిన జట్టు ఇక తేరుకోలేదు. ఆ ఏడాది ఒక జట్టు 40, 50 పాయింట్లు దాటేసిన మ్యాచ్‌లు మామూలైపోయాయి. అరగంటకే ఫలితం తేలిపోయాక స్పీడుతో ఏం పని?

డిఫెండర్లూ తక్కువవాళ్లు కాదు. మొదటి ట్యాకిల్‌లోనే కావాలని ఆలస్యం చేశారు. ఆరు మళ్లీ ఇచ్చినా ఎదుటివాళ్లకి ఒరిగేది ఒక్క ట్యాకిలే, వీళ్లకి మాత్రం లైను కట్టుకునే సమయం దొరుకుతుంది. అందుకే 2022లో బంతి ఉన్న జట్టు తన 40 మీటర్ల గీత లోపల ఉంటే మళ్లీ పూర్తి పెనాల్టీ పెట్టారు. స్పీడుకోసం రాసిన రూలే ఆలస్యానికి బేరమైందన్నమాట.

అదే 2021 గ్రాండ్ ఫైనల్ చూడండి: పెన్రిత్ 14, సౌత్ సిడ్నీ 12. డిఫెన్స్ నిలబడింది కాబట్టే చివరి నిమిషం దాకా కుర్చీ వదలబుద్ధి కాలేదు. నాలుగో రోజు పిచ్ మీద స్పిన్నర్ చుట్టూ ఫీల్డు బిగుసుకోవడం చూసి పెరిగినవాళ్లకి ఈ బిగువు అందదా? బంతి కదలని సెకన్లలో ఏం జరుగుతుందో చూడ్డం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

హ్యారిస్ పార్క్‌లో భోంచేసి నడిచి వెళ్లేంత దూరంలోనే ప్యారమాటా స్టేడియం. పక్క సీట్ల కన్నా గోల్ పోస్టుల వెనక పై వరసలు నయం. టీవీ బంతినే చూపిస్తుంది, అక్కడ్నుంచి లైను మొత్తం కనబడుతుంది. మార్కర్లిద్దరూ బంతికి ఎదురుగా సరిగ్గా నిలబడ్డారా, రక్‌కి అటూ ఇటూ ఉన్న మొదటి ఇద్దరు డిఫెండర్లు వెనక్కి పరిగెత్తి ముఖం బంతి వైపు తిప్పారా చూడండి. నాలుగో ట్యాకిల్‌కి కూడా తిప్పలేకపోతున్నారంటే ట్రై దగ్గర్లోనే ఉంది.