ఇది మా రాయి కాదు

దర్శనం టికెట్టు లేకుండా తిరుమల వెళ్తున్నానంటే మా ఆవిడ నా నుదుటి మీద చేయి వేసి చూసింది. రాళ్లు చూసి వస్తానన్నాను. "మేడ మీద నుంచి రోజూ కనిపిస్తూనే ఉన్నాయి కదా" అంది.

అలిపిరి తనిఖీ, మలుపులు, కడుపులో తిప్పడం అన్నీ మామూలే. అసలు చిరాకు పైన మొదలైంది. కొండరాయి తనంతట తానే తోరణంలా ఏర్పడిన శిలాతోరణానికి జీపు డ్రైవరు తలకు 150 రూపాయలు అడిగాడు. గుడి దగ్గర నుంచి ఉన్నది కిలోమీటరే! పంతానికి నడిచాను. సగం దూరంలో పంతం కరిగింది గానీ అప్పటికి వచ్చే జీపులన్నీ నిండుగా వస్తున్నాయి.

తోరణం కంచెకు అవతల ఉంది. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. చిన్నప్పుడు ఇంకా పెద్దదిగా కనిపించేది. ఒక కుర్రాడు తన వాళ్లకు ఇది అగ్నిపర్వతం నుంచి వచ్చిన లావా అని చెబుతుంటే అందరూ తలలూపుతున్నారు. నేను నోరు తెరిచేలోపే పక్కన నీడలో కూర్చున్న పెద్దాయన అందుకున్నాడు. "కాదు నాయనా, ఇది ఇసుక. గట్టిపడి రాయైంది."

ఆయన కుప్పం వైపు నల్లరాయి క్వారీల్లో ముప్పై ఏళ్లు దిమ్మలు తీయించాడట. "కరిగిన రాయంటే మాది. భూమి లోపలి నుంచి పగుళ్లలోకి ఎగదన్ని గోడలాగా నిలిచిపోయింది. పొలాల్లో నల్లగుండ్లు వరసగా కనిపిస్తే, ఆ వరస పట్టుకుని తవ్వుకుంటూ పోతాం. సమాధి పలకలకని విదేశాలకు పోతుంది." వ్యాపారులు దాన్ని బ్లాక్ గ్రానైట్ అంటారు గానీ అది గ్రానైటే కాదు, డోలరైట్. తోరణానిది క్వార్ట్‌జైట్, దాదాపు 150 కోట్ల ఏళ్ల కిందటి ఇసుక.

పెద్దాయన తోరణాన్ని కింది నుంచి పైదాకా బేరమాడే చూపు చూశాడు. "ఇది మా రాయి కాదు. దిమ్మ రాదు, పగుళ్లెక్కువ. పనికిరాదు." శంఖు చక్రాలు కనిపిస్తాయని జనం దండం పెట్టుకుంటున్న రాయి! మరుక్షణమే గుర్తొచ్చి టపటపా చెంపలు వేసుకున్నాడు.

కిందికి ఒకే బస్సులో వచ్చాం. ఘాట్ రోడ్డు కోసం కొండను కోసిన చోట ఈ క్వార్ట్‌జైట్ పొరలు (పెద్దాయన మాటల్లో పలకరాయి) పాత గ్రానైట్ (ముద్దరాయి) మీద నేరుగా కూర్చున్న గీత ఒకటి ఉంది. ఆ రెంటి నడుమ కనీసం 50 కోట్ల ఏళ్ల కాలానికి చెందిన రాయి లేనే లేదు. జియలాజికల్ సర్వే వారు జాతీయ స్మారకంగా గుర్తించిన చోటు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు, ఒక్కసారీ చూడలేదు. ఈసారి కిటికీ సీటు కోసం ఒకాయనతో గొడవపడి మరీ కూర్చున్నాను. నాలుగు మలుపులు తిరిగేసరికి ముందు సీట్లోని గుండు కుర్రాడు తడి తువాలు కిటికీకి ఆరేశాడు. అది గాలికి ఎగిరి నా ముఖాన కొట్టుకుంటోంది. పక్కకు తోసేలోపు పెద్దాయన మోచేత్తో పొడిచాడు.

"పలకరాయి అయిపోయి ముద్దరాయి మొదలైంది. చూశారా?"

"ఎక్కడ?"

"వెనక పోయింది" అన్నాడు.

తువాలు అలిపిరి దాకా ఆరలేదు.