రాత్రిళ్లు ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?

మూడేళ్ల పాటు తలకింద మూడు దిండ్లు పెట్టుకుని పడుకున్నాను. కాస్త వాలితే చాలు, పులుపు గొంతులోకి ఎగదన్నేది. అప్పుడు నా బరువు 112 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, ఎత్తుతో పోల్చి బరువును లెక్కకట్టే బీఎంఐ దాదాపు 45. పైగా షుగర్. బెంగళూరు మారతహళ్లిలో మా ఇల్లు రెండో అంతస్తు, మెట్ల మధ్యలో ఒకసారి కూర్చుంటే గానీ ఎక్కలేకపోయేదాన్ని. అమ్మ అనంతపురం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా “అన్నం తగ్గించు అమ్మీ” అనేది. తగ్గించాను. పోయిన పది కిలోలు పన్నెండై తిరిగొచ్చాయి, రెండుసార్లు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో పావుగంటలో బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేశారు. అడ్వాన్స్ ఎంతో చెప్పారు. రాత్రి ఎలా నిద్రపోతున్నారని ఎవరూ అడగలేదు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు? తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మా వదిన పట్టుబట్టి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. కన్నడ యాస తెలుగులో ఆవిడ అడిగిన మొదటి మాట: “రాత్రిళ్లు ఎన్ని దిండ్లు పెట్టుకుంటారమ్మా?”

ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక కింది భాగం ఒరుసుకుపోయి ఉంది. ఆవిడ కాగితం మీద బొమ్మ గీశారు. స్లీవ్‌లో పొట్టను 80 శాతం దాకా కోసి తీసేస్తారు, సన్నటి గొట్టం మిగులుతుంది. అందులో ఒత్తిడి పెరిగి పులుపు పైకి తన్నవచ్చు. బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్ బైపాస్, అందులో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. పులుపు తగ్గుతుంది, కానీ ఐరన్, బి12 ఒంటికి సరిగా పట్టవు, బతికినన్నాళ్లూ మాత్రలు వేసుకోవాలి. ఫిన్లాండ్‌లో ఈ రెండు ఆపరేషన్లలో ఏదో ఒకటి చేయించుకున్న 240 మందిని పదేళ్లు గమనించారట. 2022లో వచ్చిన ఫలితాల్లో, స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి అన్నవాహికలో వాపు కనిపించింది, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికే. బరువు కూడా బైపాస్‌లో కొంచెం ఎక్కువే తగ్గింది. “ఇవాళే చెప్పక్కర్లేదు. సందేహాలు రాసుకుని రండి” అన్నారు.

పద్నాలుగు ప్రశ్నలు రాసుకెళ్లాను. చనిపోతానా అన్నది కూడా రాశాను, రాస్తుంటే చెయ్యి వణికింది. ఆవిడ దాటవేయలేదు. కుట్ల దగ్గర లీక్ కావడం, రక్తం గడ్డకట్టడం అరుదైనా జరుగుతాయని విడమరచి చెప్పారు. అది విన్నాకే నా టెన్షన్ తగ్గింది. బైపాస్ చేయించుకున్నాను.

మూడో రోజు ఇంటికొచ్చాను. మొదట్లో మజ్జిగ తేట, పప్పుకట్టు, అదీ గుటక గుటకగా. నాలుగో నెలలో జుట్టు కుచ్చులుగా ఊడింది. మళ్లీ వస్తుందని ముందే విన్నాను కాబట్టి బెదరలేదు. ఉగాదికి సగం ఓళిగ తిని, ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడతో గంటసేపు పడుకున్నాను. తీపి తింటే అలా కావచ్చని కూడా ఆవిడ చెప్పారు, నేనే వినలేదు.

రెండేళ్లయింది. 76 కిలోలున్నాను, ఒక్క దిండుతో నిద్రపోతున్నాను. షుగర్ మాత్రలు నాలుగు నుంచి ఒకటికి వచ్చాయి. ఆ ఒక్కటీ పోతుందని డాక్టరమ్మ ఎప్పుడూ మాట ఇవ్వలేదు. అమ్మ వచ్చినప్పుడు నాకోసం సంగటి ముద్ద నిమ్మకాయంత చేస్తుంది. ఇంకాస్త తినమని బతిమాలడం మానేసింది.